దిగడం నేర్చుకున్న వాడు లూయీ బ్లెరియో

ఇంగ్లిష్ చానల్‌ను విమానంలో మొదట దాటిందెవరని అడిగితే, క్విజ్ పోటీలకు తయారైన పిల్లలు లూయీ బ్లెరియో అని టక్కున చెబుతారు. 1909 జులై 25 అన్న తేదీ కూడా చెబుతారు. ఆ ప్రయాణం ఎలా ముగిసిందో మాత్రం చాలామందికి తెలియదు. విమానం నేలను గట్టిగా తాకింది. చక్రాల చట్రం విరిగింది. ప్రొపెల్లర్ రెక్క ముక్కలైంది. బ్లెరియోకు మాత్రం ఏమీ కాలేదు. ఆ చట్రం దెబ్బను తన మీదకు తీసుకోవడం అదృష్టం కాదు. అంతకు ముందు నాలుగేళ్లపాటు విమానాలు విరగ్గొట్టుకుంటూ ఆయన నేర్చుకున్న పాఠం అది. ఈ వారం ఆయన జీవితాన్ని ఆ చక్రాల వైపు నుంచి చెప్పుకుందాం.

నూట పదమూడో ర్యాంకు

బ్లెరియో 1872 జులై 1న ఉత్తర ఫ్రాన్స్‌లోని కాంబ్రే పట్టణంలో పుట్టాడు. తండ్రికి బట్టల తయారీ వ్యాపారం. పదేళ్ల వయసులో ఊళ్లోనే ఒక బడిలో హాస్టల్ విద్యార్థిగా చేరాడు. అక్కడ ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో బహుమతులు తెచ్చుకున్నాడు. తర్వాత అమియాలో అత్త ఇంట ఉండి చదివాడు. ఆపై పారిస్‌లో ఒక ఏడాది ప్రవేశ పరీక్షకు తయారై, ఫ్రాన్స్‌లో పేరున్న ఇంజనీరింగ్ కళాశాల ఎకోల్ సాంత్రాల్‌లో సీటు సంపాదించాడు.

అక్కడ మూడేళ్లు చదివి బయటికి వచ్చేటప్పటికి 203 మందిలో ఆయన స్థానం 113. మన ఇళ్లలో ఈ ర్యాంకు వింటే మొహాలు చిన్నబోతాయి. ఆ కళాశాల మాత్రం ఆయనకు గీసే చేతినీ, లెక్క కట్టే అలవాటునీ ఇచ్చింది. తర్వాత జీవితమంతా ఆ రెండింటితోనే గడిపాడు.

ఒక ఏడాది ఫిరంగి దళంలో సైనిక సేవ చేసి, పారిస్‌లో ఒక విద్యుత్ సామగ్రి సంస్థలో చేరాడు. అప్పుడప్పుడే మోటారు కార్లు వస్తున్నాయి. రాత్రిపూట వాటికి దారి చూపే మంచి దీపం లేదు. బ్లెరియో ఎసిటిలిన్ వాయువుతో వెలిగే హెడ్‌లైటు తయారుచేసి, 1897లో పారిస్‌లో దుకాణం తెరిచాడు. రెనో, పనార్ వంటి కార్ల కంపెనీలు ఆయన దగ్గర దీపాలు కొన్నాయి. వ్యాపారం బాగా సాగింది. 1901లో అలీసియాతో పెళ్లయింది. హాయిగా బతకడానికి కావలసినవన్నీ సమకూరాయి.

దీపాల డబ్బు, విమానాల పిచ్చి

1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో క్లెమాం ఆదేర్ తయారుచేసిన గబ్బిలం ఆకారపు విమానాన్ని బ్లెరియో చూశాడు. అది ఎగిరింది లేదు. అయినా చూసినవాడి మనసులో మాత్రం నాటుకుపోయింది. ఆయన తొలి ప్రయత్నం పక్షిలా రెక్కలు ఆడించే యంత్రం. అది పనికి రాలేదు. దాన్ని పక్కన పెట్టి, 1905లో గాబ్రియెల్ వ్వాజాం అనే యువ నిర్మాతతో కలిసి గ్లైడర్ కట్టించాడు.

ఇక్కడే మన కథలో మొదటి ప్రశ్న వచ్చింది. విమానం సొంతంగా కట్టుకునేవాడు ముందు రెక్కల గురించీ ఇంజన్ గురించీ ఆలోచిస్తాడు. అది దేని మీద నిలబడాలి, దేని మీద పరుగెత్తాలి, దేని మీద దిగాలి అన్నది చివరి పనిగా కనిపిస్తుంది. కానీ కొత్త విమానం గాలిలో ఉండేది కొద్ది క్షణాలే. నేలతో దాని వ్యవహారమే ఎక్కువ. అది విరిగేదీ ఎక్కువగా అక్కడే.

ఆనాడు ముందున్న దారులు మూడు. మొదటిది తేలియాడే దోనెలు. నీళ్ల మీద మైదానం వెతుక్కోనక్కర్లేదు, పడినా మెత్తగా ఉంటుందన్న ఆశ. రెండోది స్కిడ్లు, అంటే జారుడు బద్దలు. అమెరికాలో రైట్ సోదరులు ఎంచుకున్నవి ఇవే. తేలిగ్గా ఉంటాయి, దిగగానే గడ్డి మీద రాసుకుని తొందరగా ఆగిపోతాయి. కానీ లేవడానికి పట్టా కావాలి. ఎత్తు నుంచి బరువు జారవిడిచి, ఆ లాగుడుతో విమానాన్ని ముందుకు విసిరే ఏర్పాటు కూడా వాళ్లకు అవసరమయ్యేది. మూడోది చక్రాలు. బరువు ఎక్కువ, గాలికి అడ్డం ఎక్కువ, గుంత తగిలితే విరుగుతాయి. అయితే ఏ మైదానం నుంచైనా తనంతట తాను లేవచ్చు.

బ్లెరియో మొదట నీళ్లను నమ్మాడు. 1905 జులై 18న సేన్ నది మీద దోనెలు కట్టిన గ్లైడర్‌ను మోటారు పడవతో లాగించాడు. నడిపింది వ్వాజాం. గ్లైడర్ లేచింది, పక్కకు ఒరిగి నీళ్లలో పడింది. లోపల చిక్కుకున్న వ్వాజాం మునిగి చనిపోబోయి బయటపడ్డాడు. నీరు మెత్తనిదన్న భ్రమ ఆ రోజుతో పోయి ఉండాలి. అయినా 1906లో మరో రెండు యంత్రాలను పారిస్ దగ్గరి ఆంగియా సరస్సులో దోనెల మీదే పరీక్షించారు. నీళ్లు దోనెలను పట్టుకుని వదలవు. వాటిని విడిపించుకుని లేవడానికి చాలా శక్తి కావాలి. ఆనాటి ఇంజన్లకు అంత శక్తి లేదు. ఒక్కటీ లేవలేదు.

అప్పుడు దోనెలు తీసేసి చక్రాలు పెట్టారు. 1906 నవంబరు 12న పారిస్‌లోని బగాతెల్ మైదానానికి తీసుకెళ్లారు. ఎగుడుదిగుడు నేల మీద పరుగెడుతూనే అది దెబ్బతింది. అదే రోజు అదే మైదానంలో బ్రెజిల్‌కు చెందిన సాంతోస్ దుమాం చక్రాల విమానంలో 220 మీటర్లు ఎగిరి జేజేలు అందుకున్నాడు. బ్లెరియో విరిగిన సామాను మూట కట్టుకుని ఇంటికి వెళ్లాడు. కొద్దికాలానికే వ్వాజాంతో భాగస్వామ్యం కూడా ముగిసింది.

ఒక్కో శిథిలం, ఒక్కో దిద్దుబాటు

తర్వాతి రెండేళ్లలో ఆయన కట్టిన విమానాలను వరుసగా చెప్పుకుంటే పిల్లలకు నవ్వొస్తుంది, పెద్దలకు గుండె జారుతుంది. అయిదో విమానం 1907 ఏప్రిల్‌లో కొద్ది మీటర్లు ఎగిరి, అదే నెలలో కూలి ముక్కలైంది. ఆరోది ముందొక జత, వెనకొక జత రెక్కలున్న తూనీగ. సెప్టెంబరులో అది 184 మీటర్లు వెళ్లి, ఇంజన్ ఆగి ముక్కు కిందికి వేసింది. బ్లెరియో సీటులోంచి లేచి తోక వైపు పాకాడు. ఆ బరువుకు ముక్కు కొంచెం లేచి, చిన్న గాయాలతో ప్రాణం దక్కింది. ఏడోది డిసెంబరులో అర కిలోమీటరు దాటింది, ఆ నెలలోనే పాడైంది. ఎనిమిదోది 1908 అక్టోబరు 31న తూరీ నుంచి ఆర్తెనే దాకా వెళ్లి తిరిగొచ్చింది. మొత్తం 28 కిలోమీటర్లు, దారిలో రెండుసార్లు దిగి మళ్లీ లేచింది. కొద్ది రోజులకే అదీ పోయింది.

ఆ రెండుసార్లు దిగి లేవడాన్ని గమనించాలి. పట్టాల మీద ఆధారపడిన విమానానికి అది సాధ్యం కాదు. పొలంలో దిగితే మళ్లీ లేవడానికి అక్కడికి పట్టా మోసుకురావాలి. అదే ఏడాది ఆగస్టులో విల్బర్ రైట్ ల మాన్ దగ్గర ఎగిరి చూపించినప్పుడు చూసినవారిలో బ్లెరియో ఒకడు. గాలిలో మలుపు తిప్పడంలో రైట్ ఎంత ముందున్నాడో ఆయనకు అర్థమైంది. రెక్కల చివరలను మెలితిప్పే పద్ధతిని తన తర్వాతి విమానంలో వాడుకున్నాడు. స్కిడ్లను మాత్రం తీసుకోలేదు. ఎదుటివాడి దగ్గర ఏది నేర్చుకోవాలో, ఏది వదిలేయాలో తేల్చుకోవడమూ చదువే.

పక్కగాలికి తిరిగే చక్రం

1909 జనవరిలో పదకొండో విమానం మొదటిసారి ఎగిరింది. దీని రూపకల్పనలో రేమాం సోల్నియే అనే యువ ఇంజనీరు తోడ్పడ్డాడు. రెక్కల వెడల్పు దాదాపు 7.8 మీటర్లు, ఖాళీ బరువు సుమారు 230 కిలోలు. కొన్ని నెలల తర్వాత దానికి 25 గుర్రపు శక్తి గల మూడు సిలిండర్ల అంజాని ఇంజన్ పెట్టారు.

దాని ముందరి చక్రాల చట్రం చూస్తే మంచానికి తలవైపు ఉండే చట్రం గుర్తొస్తుంది. పైనొక అడ్డ దూలం, కిందొక అడ్డ దూలం, వాటి మధ్య నిలువు ఉక్కు గొట్టాలు. ఒక్కో గొట్టానికి ఒక్కో సైకిలు తరహా చక్రం, కవలకర్ర లాంటి చీలిక చేతులతో వెనక్కి వేలాడుతుంది. నేల తాకగానే చక్రం పైకి లేస్తుంది. గొట్టం మీద ఒక పట్టీ జారుతుంది. సాగే రబ్బరు తాళ్లు ఆ కుదుపును మింగుతాయి. ఇది మొదటి గుణం.

రెండో గుణం ఇంకా తెలివైనది. ఆ చక్రాలు గొట్టం చుట్టూ పక్కలకు తిరగగలవు. ఆసుపత్రి స్ట్రెచర్ చక్రాలనూ, ఆఫీసు కుర్చీ చక్రాలనూ చూడండి. ఎటు నెడితే అటు వాటంతట అవే తిరుగుతాయి. విమానానికి ఇదెందుకు?

యానాం దగ్గర గౌతమి దాటే పడవను తలుచుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఎదురు రేవుకు నేరుగా చేరాలంటే పడవవాడు ముక్కును ప్రవాహానికి ఎదురుగా కొంచెం తిప్పి పెడతాడు. పడవ ఒకవైపు చూస్తూ మరోవైపు కదులుతుంది. పక్కనుంచి గాలి కొడుతున్నప్పుడు విమానమూ అంతే. ముక్కు గాలివైపు, ప్రయాణం మైదానం పొడవునా. గాలిలో ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. నేల తాకే క్షణంలో చక్రాలు ముక్కు చూసే వైపే బిగిసి ఉంటే, అవి పక్కకు ఈడ్చుకుపోతాయి. చట్రం విరుగుతుంది, లేదా విమానం గిర్రున తిరిగి బోల్తా పడుతుంది. బ్లెరియో చక్రాలు మాత్రం కదలిక వైపు తిరిగిపోయి, విమానాన్ని దాని దారిన దొర్లనిస్తాయి.

ఏ ఎంపికా ఉచితం కాదు. ఈ చట్రం బరువు, తయారీ కష్టం, గాలికి అడ్డం. చక్రాలకు బ్రేకులు లేవు. స్వేచ్ఛగా తిరిగే చక్రాలతో నేల మీద తిన్నగా నడపడం ఒక విద్య. ఇంజన్ మొదలుపెట్టాక మనుషులు తోక పట్టుకుని ఆపాలి. తర్వాతి కాలంలో ఫ్రెంచి విమాన పాఠశాలలు రెక్కలు కత్తిరించిన బ్లెరియో విమానాలను వాడాయి. అవి ఎగరలేవు కాబట్టి వాటికి పెంగ్విన్లని పేరు. కొత్త విద్యార్థి ముందు పెంగ్విన్‌లో మైదానం మీద తిన్నగా పరుగెత్తడం నేర్చుకుని, ఆ తర్వాతే ఎగరాలి.

ఈనాడు ఇంటి షెడ్డులో చిన్న విమానం కట్టుకునేవాళ్లు కూడా ఇవే లెక్కలు వేసుకుంటారు. రెండు పెద్ద చక్రాలు ముందు, చిన్నది తోక కింద ఉంటే బరువు తక్కువ, గరుకు నేలకు మంచిది. కానీ బరువు కేంద్రం పెద్ద చక్రాల వెనక ఉంటుంది కాబట్టి, దిగాక తోక ముందుకు తిరిగిపోయే ప్రమాదం ఉంది. చిన్న చక్రం ముక్కు కింద ఉంటే విమానం తనంతట తాను తిన్నగా సాగుతుంది. కానీ బరువు పెరుగుతుంది, గుంతల్లో ముక్కు చక్రం విరగవచ్చు. ఏది మంచిదన్న దానికి ఒక్కటే జవాబు లేదు. ఎక్కడ దిగుతావు, ఎవరు నడుపుతారు అన్నవే అసలు ప్రశ్నలు. పక్కగాలికి చక్రాలు తిప్పడమన్న ఆలోచనా పోలేదు. అమెరికా బి-52 బాంబరు దిగేటప్పుడు దాని చక్రాలను రన్‌వే వైపు తిప్పి ఉంచే ఏర్పాటు ఉంది.

ఆ ఉదయం

1909 నాటికి దీపాల లాభాలతో పాటు భార్య తెచ్చిన కట్నం కూడా విమానాలకు కరిగిపోయింది. లండన్ పత్రిక డైలీ మెయిల్ చానల్ దాటినవారికి 1000 పౌండ్లు ప్రకటించింది. హ్యూబర్ట్ లాథమ్ జులై 19న ప్రయత్నించి, ఇంజన్ ఆగి సముద్రంలో దిగాడు. ఓడ రక్షించింది. అతడు మరో విమానంతో మళ్లీ సిద్ధమవుతుండగా బ్లెరియో కలే దగ్గరికి వచ్చాడు. అంతకు ముందు వేడి గొట్టం తగిలి పాదం కాలడంతో ఊతకర్రలతో నడుస్తున్నాడు.

జులై 25 ఆదివారం తెల్లవారుజామున గాలి తగ్గింది. లాథమ్ శిబిరం మేలుకునే లోపే, సూర్యుడు పొడవగానే 4.41కి బ్లెరియో లేచాడు. దిక్సూచి లేదు. భార్య ఎక్కిన నౌక కింద వెనకబడిపోయింది. కొన్ని నిమిషాలపాటు ఏ ఒడ్డూ కనబడలేదు. తర్వాత ఇంగ్లండ్ తీరం కనిపించింది. గాలి ఆయనను పక్కకు నెట్టేసిందని అర్థమై, తీరం వెంట తిరిగి డోవర్ కోట పక్కన పల్లపు గడ్డి నేల చేరాడు. అక్కడ గాలి సుడి తిరుగుతోంది. చుట్టూ తిరిగి ఎత్తు తగ్గించి, దాదాపు 20 మీటర్ల ఎత్తులో ఇంజన్ ఆపేశాడు. విమానం బండలా దిగింది. చక్రాల చట్రం విరిగి, దెబ్బనంతా తానే తీసుకుంది. మొత్తం ప్రయాణం 36 నిమిషాల 30 సెకన్లు.

పేరు వచ్చాక

ఆ ఏడాది ముగిసేలోగా 10,000 ఫ్రాంకుల ధరకు వందకు పైగా విమానాలకు ఆర్డర్లు వచ్చాయి. మునిగిపోతున్న సంసారం ఒడ్డునపడింది. డిసెంబరు 12న ఇస్తాంబుల్‌లో గాలి ఎక్కువగా ఉన్నా ఎగిరి, ఇంటి కప్పును ఢీకొట్టి పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు. మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ తర్వాత పోటీల్లో, ప్రదర్శనల్లో ఎగరడం మానేసి తయారీ మీదే మనసు పెట్టాడు.

బ్లెరియో విజయం చానల్ దగ్గరే ఆగిపోలేదు. మద్రాసులో డాంజెలిస్ అనే హోటల్ యజమాని ఆ స్ఫూర్తితో సింప్సన్ కంపెనీ వాళ్ల చేత చిన్న విమానం కట్టించుకుని, 1910లో ఎగిరి చూపాడని నగర చరిత్ర రాసినవారు చెబుతారు. చెన్నైలోని మన బడుల పిల్లలకు ఇది సొంత ఊరి కథ.

బ్లెరియో జీవితంలో మాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం 1912లోది. ఆయన తరహా విమానాల రెక్కలు గాలిలో విరిగి పైలట్లు చనిపోతూ వచ్చారు. ఫ్రెంచి సైన్యం ఒంటిరెక్క విమానాలను నిలిపివేసింది. బ్లెరియో తన విమానాలను తానే పరిశీలించి ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. రెక్కలను పైకి నెట్టే బలానికి తగినట్టు తీగలు కట్టారు గానీ, కిందికి నెట్టే బలాన్ని సరిగా లెక్కించలేదని తేల్చాడు. పై తీగలను బలపరిస్తే సరిపోతుందని చూపాడు. నిషేధం ఎత్తేశారు. సొంత సరుకులోని లోపాన్ని కొన్నవాడికి తానే చెప్పడానికి చానల్ దాటినంత ధైర్యం కావాలి.

1914లో ఆయన ఒక విమాన కంపెనీని చేతిలోకి తీసుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో పేరుపొందిన స్పాడ్ విమానాలు దాని నుంచే వచ్చాయి. 1936 ఆగస్టు 1న పారిస్‌లో కన్నుమూశాడు. అదే ఏడాది అంతర్జాతీయ వైమానిక సమాఖ్య ఆయన పేరిట పతకం నెలకొల్పింది. తేలికపాటి విమానాలతో వేగం, ఎత్తు, దూరాల్లో రికార్డులు సాధించినవారికి దాన్ని ఇస్తారు. చానల్ దాటిన విమానం పారిస్‌లోని ఒక మ్యూజియంలో వేలాడుతోంది.

బడిలో, ఇంట్లో

ఈ కథను పిల్లలకు పట్టుదల పాఠంగా మాత్రమే చెప్పవద్దని మా మనవి. పట్టుదల ఒక్కటే ఉంటే బ్లెరియో అయిదో విమానాన్నే పదిసార్లు కట్టేవాడు. ప్రతి శిథిలంలోంచీ పనికొచ్చింది తీసి, పనికిరానిది మార్చాడు. ఆయనకు వెనక వ్యాపారముంది, చదువుంది, నైపుణ్యమున్న సహాయకులున్నారు. ఆ సంగతి దాచి, ఉన్నదంతా ఖర్చుపెట్టడమే గొప్పతనమన్నట్టు చెబితే పిల్లలకు తప్పుదారి చూపినవాళ్లమవుతాం.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగం చేయించవచ్చు. రెండు అట్టపెట్టెలు తీసుకోండి. ఒకదానికి బిగించిన చక్రాలు, రెండోదానికి కుర్చీ చక్రాల్లా తిరిగేవి పెట్టండి. రెండింటినీ ఏటవాలుగా నేల మీదికి తోయండి. ఏది ఈడ్చుకుపోయిందో, ఏది దొర్లిందో, ఏది తిన్నగా వెళ్లలేదో పిల్లలనే రాయమనండి. రెండింటికీ లాభం ఉంది, నష్టం ఉంది. ఎక్కడికి ఏది తగునో వాళ్లే వాదించుకోనివ్వండి.

తల్లిదండ్రులు ప్రోగ్రెస్ కార్డు చూసేటప్పుడు ఆ 113ను ఒకసారి తలుచుకోవచ్చు. ర్యాంకు అడిగాక మరో ప్రశ్న కూడా అడగాలి: ఈసారి ఎక్కడ తప్పింది, వచ్చేసారి ఏది మారుస్తావు? పదకొండో విమానం దాకా బ్లెరియో తనను తాను అడుగుతూ వచ్చింది ఆ ప్రశ్నే.